కుడితి బకెట్

మా వీధిలో పేరుమోసిన కథారచయిత ఒకాయన ఉండేవాడు. పాలకోసం పెంచుకున్న ఎనుముకు కుడితి కావాలని రోజూ పొద్దున్నే బకెట్ పట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. బియ్యం కడిగిన నీళ్లు పోయించుకోవడానికి అంతసేపు ఎందుకు నిలబడతాడా అని నాకు మొదటినుంచీ అనుమానమే. ఒకసారి మా అమ్మా నాయనల పోట్లాట, మాట పొల్లుపోకుండా, ఆయన కథలో అచ్చయింది. చదివినవాళ్లంతా ఆహా అన్నారు. నాకు ఒళ్లు మండింది.

కరువులో మేత దొరక్క ఎనుమును కణేకల్ ఊరివాళ్లకు అమ్మేశాడు. పీడ వదిలిందనుకున్నాను. మర్నాడు పొద్దున మళ్లీ బకెట్‌తో మా గడప దగ్గర నిలబడ్డాడు.

"ఎనుమును అమ్మేసినావంట కదన్నా, ఇంక కుడితి ఎవురికి?" అని అడిగింది అమ్మ.

ఆయన మెడ చాపి ఇంట్లోకి చూశాడు. లోపల అరుస్తున్న మా నాయన చటుక్కున నోరు మూసుకున్నాడు.