వంద మీటర్ల మామయ్య

మా పెద్దమామయ్య మునిసిపాలిటీలో గీతలు గీసేవాడు. ఆటస్థలాల్లో, బళ్లు నిలిపే చోట్ల ఆయన గీసిన సున్నం గీతలు ఒక్క వానకే కొట్టుకుపోయేవి. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం పోలింగు గీత. పోలింగు జరిగే బడి గుమ్మం నుంచి వంద మీటర్లు. దాని లోపల జెండా, బొమ్మ, ఓటు మాట ఏదీ ఉండకూడదు. అందుకని పార్టీలవాళ్లు గీతకు బెత్తెడు అవతల కుర్చీలు వేసుకుని, గొంతులు మాత్రం ఇవతలికి పంపేవాళ్లు. గొంతుకు కాళ్లుండవు గనక కేసు పెట్టడం కుదిరేది కాదు.

గుమ్మం దాటగానే రోడ్డు వంకర తిరుగుతుంది. మామయ్య టేపును ఆ వంకర వెంటే పరిచేవాడు. "ఓటరేమన్నా గోడలు దూకి వస్తాడా? నడిచినంతే కొలత" అనేవాడు. ముప్ఫై ఏళ్లు ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఆ ఏడు మా చిన్నమామయ్య వార్డుకు నిలబడ్డాడు. తన ఇంటి ప్రహరీ మీద తన ముఖమే మనిషెత్తున, మీసాలతో సహా, వేయించుకున్నాడు. దారి వెంట కొలిస్తే ఆ గోడ గీతకు అవతల. తిన్నగా కొలిస్తే సగం ఇవతల.

పోలింగుకు ముందురోజు మామయ్య సున్నం డబ్బా దించాడో లేదో, ఎదుటి అభ్యర్థి, బట్టల కొట్టాయన, ఊడిపడ్డాడు.

"ఏం పెద్దాయనా, తమ్ముణ్ణి చూసి టేపు కూడా వంకర పోయిందే!"

"నేనెప్పుడూ ఇలాగే కొలుస్తాను."

"ఎప్పుడూ మీ తమ్ముడు నిలబడలేదుగా!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. ఎన్నికల అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. వంద మీటర్లని ఉంది, దారి వెంటా తిన్నగానా అన్నది లేదు.

"అనుభవం మీది. మీరెలా అంటే అలాగే" అని చేతులు దులుపుకున్నాడు.

మామయ్య టేపు చుట్టేశాడు. మూల మీది ఖాళీ స్థలంలోంచి మళ్లీ తిన్నగా లాగాడు. గీత సరిగ్గా చిన్నమామయ్య ముక్కు దగ్గర తేలింది. ఇవతలి సగానికి కాగితం అంటించారు. మర్నాడంతా చిన్నమామయ్య ఒంటికన్నుతో, ఒంటిమీసంతో, చట్టబద్ధంగా ఓట్లడిగాడు. తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు.

నిప్పులాంటి మనిషని మామయ్యను ఊరంతా పొగిడింది. అందరికన్నా గట్టిగా పొగిడింది బట్టల కొట్టాయన. ఆ వయసు నాకూ వచ్చాక ఇప్పుడనిపిస్తుంది, మామయ్య భయపడింది తప్పు చేయడానికి కాదు, చేశాడనిపించుకోవడానికి.

ఫలితం వచ్చిన మర్నాడు మా అమ్మ తమ్ముళ్లిద్దరికీ కాఫీ ఇచ్చింది. చిన్నమామయ్య తిట్టలేదు.

"అన్నయ్యా, నేను కాక ఇంకెవరైనా నిలబడుంటే ఎలా కొలిచేవాడివి?"

మామయ్య కప్పు కింద పెట్టాడు.

"దారి వెంటే."

"ఊఁ" అని చిన్నమామయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. కాఫీ అలాగే ఉంది.

తర్వాతి ఎన్నికలకు మునిసిపాలిటీవాళ్లు కబురంపితే మామయ్య వెళ్లలేదు. వచ్చిన మనిషి చేతికి టేపు ఇచ్చేశాడు.

"ఎలా కొలవమంటారండీ?" అని అడిగాడతను.

"ఎలాగైనా కొలవండి. ఎవరెవరు నిలబడుతున్నారో తెలియకముందే కొలవండి."