చెక్క చప్పుడు విన్నదాన్ని నేనే

మా ఆయనకు చెవులు సరిగ్గా వినపడవని ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోదాన్ని నేను. పూర్తిగా చెవుడు కాదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే వినపడుతుంది, బస్సు హారన్ వినపడుతుంది. సన్నటి చప్పుళ్లే పోయాయి. ఏళ్ల తరబడి కట్టెకోత మిషన్ పక్కన నిలబడితే పోక ఏమవుతాయి. దవాఖానకు పోదామంటే "నాకేమైంది" అని కస్సుమనేవాడు. గిటార్లు చేసే మనిషికి చెవి లేదంటే దుకాణం గడప ఎవరు తొక్కుతారని ఆయన భయం. ఆ దుకాణం తిండే నేనూ తింటున్నాను కాబట్టి నోరు మూసుకున్నాను.

మా దుకాణం నల్లగొండలో, పానగల్ పోయే తోవలో ఉంది. మా మామ వడ్లపని మనిషి, తలుపులూ మంచాలూ చేసేవాడు. ఒకసారి చర్చివాళ్లు పగిలిన గిటార్ తెచ్చిస్తే బాగుచేసి, దాన్ని చూసి ఇంకొకటి చేశాడు. అప్పటి నుంచి చుట్టుపక్కల చర్చిల్లో పాటలు పాడే పిల్లలకు గిటార్లు మా ఇంటి నుంచే పోయేవి. మామ ఉన్నన్నాళ్లు కట్టె ఎప్పుడూ ఒకటే. పైచెక్కకు హైదరాబాద్‌లో దొరికే విదేశీ కట్టె, పక్కలకూ వెనకకూ అడవిలో దొరికే జిట్రేగి కట్టె. ఎంత మందం ఉంచాలో ఆయనకు ఒక కొలత ఉండేది. ఆ కొలతకు చిత్రిక పడితే చాలు, గిటార్ పలికేది. చెవితో పనే ఉండేది కాదు.

రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు జిట్రేగికి ఫారెస్టువాళ్లు కాగితాలు అడగడం ఎక్కువైంది. విదేశీ కట్టె మాకు అందకుండా పోయింది. దాంతో ఏది దొరికితే అది తెచ్చుకోవడం మొదలుపెట్టాం. నకిరేకల్‌లో పాత ఇళ్లు కూలగొడితే వాటి టేకు తలుపులు, కొల్లాపూర్ వైపు కాపు తగ్గిన మామిడి తోటలు కొట్టేస్తే ఆ దుంగలు, నిలువునా ఎండిపోయిన వేపలు. ఇప్పుడు దీన్ని పర్యావరణాన్ని కాపాడటం అంటున్నారు. అప్పుడు మా ఇంట్లో దానికి పేరు లేదు. గతిలేక చేశాం, అంతే.

పాత తలుపు చెక్క దేనికదే. ఒకటి ఎండకు ఎండి ఉంటుంది, ఇంకొకటి వంటింటి పొగ తాగి ఉంటుంది. మామ కొలతకు చెక్కితే మొదటి రెండు గిటార్లు అట్టపెట్టెల్లా మోగాయి. మూడోదాని పైచెక్కను మా ఆయన వేలితో తడుతూ, చెవి దగ్గర పెట్టుకుంటూ, మొహం చిట్లించుకుంటూ కూర్చున్నాడు. నేను అక్కడే బియ్యం ఏరుతున్నాను. ఎంతసేపని ఊరుకుంటాను.

"ఇంక జర తియ్యాలె. నడుమ ముద్దగ మోగుతాంది" అన్నాను.

ఆయన నా దిక్కు చూసి చిత్రిక పట్టాడు. మళ్లీ తట్టి, మళ్లీ నా దిక్కు చూశాడు. నేను సరే అనేదాకా చెక్కాడు. ఆ గిటార్ పలికింది.

ఆ చెవి నేను ఎక్కడా నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు అంగడిలో మా అమ్మ కుండలు కొనేటప్పుడు తట్టి చూసే పని నాది. కంటికి కనపడని పగులు వేలికణుపుకు దొరుకుతుంది. చెక్కా అంతే. చప్పుడు కాసేపు నిలిస్తే బతికున్నట్టు, తట్టిన చోటే ఆగిపోతే చచ్చినట్టు.

దుకాణంలో ఎవరో ఒకరు కూర్చొని పని చూస్తుంటారు. వాళ్ల ముందు పెళ్లాన్ని అడగడం ఆయనకు నామోషీ. అందుకని మేమొక ఏర్పాటు చేసుకున్నాం. ఆయన తడతాడు. "చాయ్ పెట్టమంటవా" అని నేనంటే చెక్క సరిపోయినట్టు. "నీళ్లు తెమ్మంటవా" అంటే ఇంకా తియ్యాలి. వచ్చినవాళ్లు నన్ను చూసి ఎంత మర్యాద గల ఇల్లాలు అనుకునేవారు. నాకు లోపల నవ్వొచ్చేది. ఆ రోజుల్లో అది మా ఇద్దరి దొంగాటలాగే ఉండేది. పాటలు పాడే ఆడపిల్లలకు పెద్ద గిటార్ మీద చెయ్యి అందడం లేదని చెప్పి డబ్బా చిన్నది చేయించిందీ నేనే. వాయించే పిల్లకు తన చప్పుడు తనకు వినపడాలని గిటార్ పక్కచెక్కకు పైన ఇంకో రంధ్రం పెట్టించిందీ నేనే. అది ఆయన కనిపెట్టిన కొత్త డిజైన్ అని అందరూ మెచ్చుకుంటే మా ఇంటి పేరే కదా అనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఆ పేరు హైదరాబాద్ దాకా పోయింది. చేతిపనులవాళ్ల సభ పెట్టి మా ఆయన్ను పిలిచారు. రెండు చెక్కలు ఇచ్చి, ఏది గిటార్‌కు పనికొస్తుందో తట్టి చెప్పమంటారని ముందే కబురు వచ్చింది. ఆయనకు రెండు రోజులు అన్నం సహించలేదు.

"నువ్వు ముందట్నే కూసో. మంచిదాన్ని తట్టినప్పుడు కొంగు సదురుకో" అన్నాడు.

సరేనన్నాను. పండుగ చీర కట్టుకొని పోయి మొదటి వరసలో కూర్చున్నాను. ఆయన మైకు ముందు బాగానే మాట్లాడాడు. ఈ పనిలో ఇంట్లోవాళ్ల సాయం ఉంటుందా అని సభ నడిపే ఆయన అడిగాడు.

"ఏం సాయం సార్. మా ఆమె చాయ్ పోస్తది" అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

హాలంతా నవ్వింది. చెవి సంగతి బయటపెట్టలేడని నాకు తెలుసు. కానీ "అన్నిట్ల ఉంటది" అని ఒక్క మాట అంటే ఏం పోయేది. నాకు ఒళ్లు మండిపోయింది.

చెక్కలు తెచ్చారు. మొదటిది తట్టాడు. మైకులో నిండుగా మోగింది, కాసేపు నిలిచింది. నా దిక్కు చూశాడు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. రెండోది తట్టాడు. టక్కుమని అక్కడే చచ్చింది. మళ్లీ చూశాడు. నేను కదలలేదు. ఆయన నుదుటి మీద చెమట నాకు కనపడుతోంది. జాలి కూడా వేసింది. అయినా కదలలేదు. అందరి ముందూ తప్పు చెప్పనీ, నేనెవరో అప్పుడన్నా తెలుస్తుంది అనుకున్నాను.

ఆయన రెండోదాన్ని పైకెత్తాడు. "గిది" అన్నాడు.

హాలంతా చప్పట్లు కొట్టింది. "విన్నారా, ఎంత తేడా ఉందో" అన్నాడు సభ నడిపే ఆయన. నా పక్కన కూర్చున్న సంగీతం మాస్టారు కళ్లు మూసుకొని తల ఊపాడు. మా ఆయనకు శాలువా కప్పారు.

తిరుగు బస్సు ఎక్కాం. చౌటుప్పల్ దాటాక అడిగాడు.

"కొంగెందుకు సదురుకోలె?"

"సదురుకో బుద్ధి కాలె."

"నేను చెప్పింది కరెక్టేనా మరి?"

"కాదు. నువ్వెత్తింది సచ్చిన చెక్క."

కిటికీలోంచి బయటికి చూశాడు. "మరి ఎవలకన్న ఎరుకైందా?" అన్నాడు.

"నాకైంది."

"నీకైతే ఏంది" అన్నాడు. కోపంగా కాదు. బరువు దిగినట్టు అన్నాడు.

తెల్లారి నుంచి నేను చాయ్ అనలేదు, నీళ్లు అనలేదు. ఆయనా అడగలేదు. ఏ చెక్కకైనా ఒకటే మందం పెట్టి చేసుకుంటూ పోయాడు. నెల తిరిగేసరికి గిటార్లు వాపసు వస్తాయి, అప్పుడు నా దగ్గరికే వస్తాడు అని కాచుకొని కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. పైగా ఎక్కడెక్కడి నుంచో అడుగుతున్నారు, పాత కట్టె గిటార్ కావాలని. కొన్ని మంచిగానే పలుకుతాయి, కొన్ని పుట్టుకతోనే చచ్చినవి. రెండూ ఒకే తీరుగా అమ్ముడవుతున్నాయి.

ఫోన్‌లో మాట ఆయనకు అందదు కాబట్టి ఎత్తేది నేనే. మొన్న ఆలేరు నుంచి ఒకాయన చేశాడు. ఆయన కొన్న గిటార్ ఏదో నాకు గుర్తుంది. సంచిలో పెట్టేటప్పుడు దాని చప్పుడు విన్నాను, చచ్చిన చప్పుడు. ఎంత మంచిగ మోగుతుందో అని మెచ్చుకొని, "మీ ఆయన చెవి గొప్పదమ్మా" అన్నాడు.

"చెప్తానండి" అని పెట్టేశాను.