బల్ల మీద కెమెరా, తెర మీద అత్తమ్మ

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. సిరొంచలో కంప్యూటర్ షాపు నడుపుతాను. ఏ యంత్రమైనా పని చేయకపోతే దానికో కారణం ఉంటుందని, వెతికితే దొరుకుతుందని నమ్మే మనిషిని. ఇది చదివాక నన్ను ఎవరేమనుకున్నా ఫర్వాలేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరికి అప్పుడప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన రోజులవి. మా ఆయన చామోర్షి మార్కెట్లో వడ్ల వ్యాపారి దగ్గర పని చేసేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. ఆమె జీవితమంతా ఇతరుల పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి నా భర్తను చదివించింది. అలాంటి మనిషికి మతిమరుపు మొదలైంది. కాస్త ఏమరితే చాలు, గేటు తీసుకుని వెళ్లిపోయేది. ఎప్పుడు వెళ్లినా కుడివైపు బస్టాండుకే. తల్లిగారి ఊరు రేగుంటకు పోవాలని బస్సు కోసం నిలబడేది. ఎవరో ఒకరు చూసి తీసుకొచ్చేవారు.

చివరికి మా ఆయన కూడా విసిగిపోయాడు. "ఇగ లాభం లేదు సుగుణా. నువ్వు షాపుకు పోయినప్పుడు అమ్మ అర్రకు బయట గొళ్లెం పెట్టు" అన్నాడు. అన్నాక తలుపు దగ్గరే కూర్చుని ఏడ్చాడు.

నాకు మనసొప్పలేదు. కొన్నాళ్లు గడువు అడిగి, నాగపూర్ నుంచి ఒక వైఫై కెమెరా తెప్పించాను. షాపుకు మా ఇల్లు రెండిళ్ల అవతలే. కెమెరాను లోపలివైపు గేటు స్తంభానికి బిగించాను. గేటూ, ముందున్న దారీ షాపులోని నా కంప్యూటర్లో కనిపించాలి. ఆ కనెక్షన్ తెగకుండా నిలబడితే గొళ్లెం అక్కర్లేదు.

అది నిలబడలేదు. కాసేపు బొమ్మ వచ్చేది, తర్వాత నల్లతెర. షాపులో రౌటర్ ఇనుప బీరువా వెనక ఉంటే తీసి కిటికీలో పెట్టాను. వైఫై ఛానల్ మార్చాను. పక్కింటి కార్డ్‌లెస్ ఫోను ఆపించి చూశాను. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టాను. ఒకరోజు బాగుంటే మర్నాడు మళ్లీ అదే కథ.

ఆ రోజు పొద్దున్నే కెమెరాను స్తంభం మీంచి విప్పి షాపుకు తెచ్చాను, రౌటర్ పక్కనే పెట్టి చూద్దామని. మధ్యాహ్నం ఇంటికెళ్లి అత్తమ్మకు స్నానం చేయించి, మా అక్క పంపిన కొత్త పసుపుపచ్చ చీర కట్టించాను. ఆమె ఆ చీర కట్టడం అదే మొదటిసారి. అన్నం తిని నిద్రపోయింది. గేటు దగ్గరగా వేసి షాపుకు వచ్చాను. కెమెరా బల్ల మీదే ఉంది, లెన్సు అద్దం కిందికి పెట్టి. దాని అడాప్టర్ వైరు చుట్టి పక్కన పెట్టాను. ప్లగ్గులో లేదు.

అర్జీ టైపు చేయించుకోవడానికి యాదయ్య అనే రైతు వచ్చాడు. నేను ప్రింటర్లో కాగితం సర్దుతుంటే, నా కంప్యూటర్ ఎదురుగా కూర్చున్న అతను అన్నాడు: "గా ముసలవ్వ ఎవరు చెల్లే? ఒక్కతే వాగు దిక్కు పోతాంది."

"ఏ ముసలవ్వ?"

"గిదో, గీ టీవీల."

తిరిగి చూశాను. తెర మీద మా గేటు. బార్లా తెరిచి ఉంది. పసుపుపచ్చ చీరలో అత్తమ్మ, ఎడమవైపు తిరిగి నడుస్తోంది. ఎడమవైపు ఉన్నది వాగు. పైన వానలు పడి రెండు రోజులుగా నిండుగా పారుతోంది.

"అత్తమ్మా, జర ఆగు! వస్తున్న!" అని తెరను చూసి అరిచాను. ఎందుకరిచానో తెలియదు. ఆ కెమెరాలో మైకూ లేదు, స్పీకరూ లేదు. వెంటనే బొమ్మ పోయింది.

పరిగెత్తాను. యాదయ్య నా వెనకే వచ్చాడు. ఆ బొమ్మ చూడకపోతే నేను అలవాటుగా బస్టాండుకే పోయేదాన్ని. అత్తమ్మ వాగు ఒడ్డున నిలబడి ఉంది. ఇంకో అడుగు వేస్తే నీళ్లే. చేయి పట్టుకుని వెనక్కి లాగాను.

"ఎందుకట్ల ఉరికొచ్చినవ్ బిడ్డా?" అంది తాపీగా. "నువ్వు జర ఆగుమన్నవ్ గదా. ఆగిన."

షాపు నుంచి వాగుకు నా గొంతు వినిపించదు. తర్వాత వేరేవాళ్లను షాపులో అరవమని, నేను ఒడ్డున నిలబడి కూడా చూశాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

కెమెరా అసలు లోపం ఆ వారంలోనే దొరికింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ దానికి నెట్‌వర్కులో కొత్త అడ్రసు ఇస్తోంది, నా కంప్యూటరేమో పాత అడ్రసులోనే వెతుకుతోంది. కెమెరాకు మారని అడ్రసు ఒకటి ఇచ్చాను. ఇక తెగలేదు. గేటు తెరిస్తే షాపులో మోగే గంట కూడా పెట్టాను. అత్తమ్మ గదికున్న గొళ్లెం మా ఆయనే ఊడదీశాడు. అత్తమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. గంట మోగగానే నేను వెళ్లేదాన్ని. బస్టాండుకు వెళ్దామంటే ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం, టీ తాగి తిరిగొచ్చేవాళ్లం.

కెమెరా అమ్మినవాళ్లకు ఫోన్ చేసి అడిగాను. కంప్యూటర్లో నిలిచిపోయిన పాత బొమ్మ అయ్యుంటుందన్నారు. నేనూ అదే అనుకోవాలని ఎంతో ప్రయత్నించాను. కానీ ఆ చీర కట్టే వేళకు కెమెరా స్తంభం మీద లేనే లేదు. నా కళ్లే మోసం చేశాయేమోనని యాదయ్యను విడిగా అడిగాను. "పసుపుపచ్చ చీర, కొత్తది. గేటు తెరిచే పోయింది" అన్నాడు.

వైర్‌లెస్ అంటే వైరు అక్కర్లేదని నేర్చుకున్నాను గానీ, కరెంటే అక్కర్లేదని ఎక్కడా చదవలేదు. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లకు కెమెరాలు బిగించాను, ఎన్నో లోపాలు సరిచేశాను. ఆ మధ్యాహ్నం ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చింది, అంతే. అత్తమ్మ దక్కింది.