బిస్కెట్ డబ్బాలో వెంట్రుకలు

పుప్పాలగూడలో మా ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆదివారం పొద్దున తలస్నానం చేసి బాల్కనీలో కూర్చుంటే ఇప్పటికీ నా మోకాళ్ళు ఎడంగానే ఉంటాయి, మధ్యలో ఎవరో కూర్చోబోతున్నట్టు. దగ్గరకు తీసుకుంటాను. కాసేపటికి మళ్ళీ అలాగే అవుతాయి.

అక్కడ కూర్చునే అమ్మాయి టాంజానియా నుంచి కంప్యూటర్ చదువుకు వచ్చింది. నేను సిద్దిపేట వైపు నుంచి ఉద్యోగానికి వచ్చాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. ఇద్దరం కిరాయి పంచుకున్నాం. వచ్చిన మొదటిరోజే అడగకుండా ఆమె సన్నజడలను ముట్టుకున్నాను. ఆమె తల కొంచెం వెనక్కి తీసుకుంది. తర్వాత లిఫ్టులో ఎవరైనా అదే పని చేస్తే నాకు ఒళ్ళు మండేది. ముందు నేనే చేశానన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాది ఉంగరాల జుట్టు. చిన్నప్పుడు అందరూ పిచ్చుకగూడు అనేవారు. ఇంటర్వ్యూలకు ముందు పార్లర్‌కు వెళ్ళి సాపు చేయించుకునేదాన్ని. ఆమె అది చూసి నవ్వింది. పొడిజుట్టును దువ్వెనతో లాగవద్దని, తడిగా ఉన్నప్పుడే కండిషనర్ రాసి వేళ్ళతో చిక్కు తీయాలని నేర్పింది. మూడు నెలలు తిరిగేసరికి నా తల నాకే ముద్దొచ్చింది.

బదులుగా ఆమె వెనకభాగం జడలు నేను అల్లేదాన్ని. మెడ దగ్గరకు ఆమె చేయి సరిగా తిరగదు. తోక దువ్వెనతో పాపిడి తీసి, పాయకు మన సవరం లాంటి కొనుక్కొచ్చిన జుట్టు కలిపి సన్నగా అల్లాలి. నా పాపిళ్ళు వంకరపోతే పుప్పాలగూడ రోడ్లలా ఉన్నాయని వెక్కిరించేది. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా పట్టేది. నా చేతులకు జెల్ అంటుకుని ఉంటుంది కాబట్టి ఆమే పచ్చిపులుసు అన్నం కలిపి, వెనక్కి తిరగకుండానే ముద్ద అందించేది. సగం ముద్దలు నా చెంపకు తగిలేవి. ఎడమ చెవి వెనక ఒక పాత దెబ్బ మచ్చ ఉండేది. అద్దంలో ఆమెకు కూడా కనిపించని చోటు అది.

రాలిన వెంట్రుకల దగ్గర ఇద్దరికీ పట్టింపులుండేవి. మా అమ్మ వాటిని చుట్టచుట్టి దాచి, వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే మనిషి వస్తే ఇచ్చేది. నేనూ ఒక కవర్లో దాచేదాన్ని. రాలిన వెంట్రుక పరాయి చేతిలో పడితే ఆ తలకు కీడని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. అందుకని ఆమె ఒక్కటీ వదలకుండా ఏరి స్టౌ మీద కాల్చేది. కమురు వాసనకు ఇంటి ఓనరమ్మ పైకొచ్చి గొడవ చేసింది. అప్పటినుంచి బిస్కెట్ డబ్బాలో పోగేసి, నెలకోసారి వెనక ఖాళీ ప్లాటులో ఇద్దరం కలిసి కాల్చేవాళ్ళం.

సెలవులకు ఊరెళ్ళే రోజు ఆ డబ్బా నా చేతిలో పెట్టింది. వాచ్‌మన్ భార్య దగ్గర నేర్చుకున్న తెలుగులో, "అక్కా, మర్చిపోకు. జర నువ్వే కాల్చు," అంది. ఫికర్ చేయకని చెప్పి పంపించాను.

కాల్చలేదు. ఆఫీసులో పని అని, వాన అని వాయిదా వేశాను. మూడో శనివారం వెంట్రుకల మనిషి మైకు వినిపిస్తే నా కవర్ పట్టుకుని దిగాను. ఇంత కొద్దిదానికి గిన్నె రాదన్నాడు. పైకెళ్ళి డబ్బా తెచ్చాను. ఎందుకు తెచ్చానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఒక పని తప్పుతుందనుకున్నాను, అంతే. అతను డబ్బాలోంచి ఒక వెంట్రుకల చుట్ట తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గిది వేరే తీరుగున్నది. ఎవలిదమ్మా?"

"నాదే," అన్నాను.

నా తల చూసి నమ్మాడు. రెండూ ఒకే సంచిలో వేసుకుని చిన్న స్టీలు గిన్నె ఇచ్చాడు.

ఆమె తిరిగి రాలేదు. జ్వరమని మెసేజ్ పెట్టింది. తర్వాత దవాఖాన నుంచి ఒక ఫోటో వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుని నవ్వుతోంది. ఏదో ఆపరేషన్ కోసం జుట్టంతా తీసేశారని, మళ్ళీ మొలిచాక వెనక జడలు నువ్వే అల్లాలని రాసింది. పది రోజులకు పోయింది.

తప్పు కనిపిస్తే దాని కారణం వెతకడమే నా ఉద్యోగం. వెంట్రుకల వల్ల మనిషి చావదని నాకు తెలుసు. తెలిసినా ఆ గిన్నెను ఒక్కసారి కూడా వాడలేదు. మైకు వినిపిస్తే బాల్కనీ తలుపు మూసేదాన్ని. కొన్ని ఆదివారాలు మోకాలికి తల ఆనించినంత బరువు తగులుతుంది. కదిలితే పోతుందేమోనని కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కూర్చుంటాను.

నెల తర్వాత వాళ్ళ అక్క ఫోన్ చేసింది. ఇక్కడ మిగిలిన బట్టలు, పుస్తకాల గురించి మాట్లాడి, చివర్లో అమ్మ అడగమందంటూ ఆ డబ్బా కాల్చేశావా అని అడిగింది. ఈ ప్రశ్న కోసం ఎన్నాళ్ళనుంచో భయపడుతున్నాను కాబట్టి జవాబు సిద్ధంగా ఉంది.

"కాల్చేశాను. ఒక్కటి కూడా మిగల్చలేదు."

అప్పుడు అక్క మెల్లగా చెప్పింది. దవాఖానలో తీసిన జుట్టు ఎక్కడ పారేశారో తెలియదట. ఇంట్లో చెల్లెలిదంటూ ఒక్క వెంట్రుకైనా లేదట.

"నువ్వు మరిచిపోయి ఉంటే బాగుండునని అమ్మ అనుకుంది," అంది.

శనివారం మైకు వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తాను. అదే మనిషి. ఆ రోజు ఇచ్చినవి వాపసు కావాలన్నాను, గిన్నె కూడా తిరిగి ఇస్తానన్నాను. అన్నీ నార్సింగి దగ్గర ఒక షెడ్డులో పోస్తామని, అక్కడినుంచి లారీ ఎక్కుతాయని, ఏ దేశం పోతాయో తనకు తెలియదని చెప్పాడు. "అన్నీ కలిసిపోయినయమ్మా. ఇగ ఎట్ల ఏరుతవు?" అన్నాడు.

పైకి వచ్చి ఇల్లంతా వెతికాను. మంచం కింద, బాత్రూమ్ జాలీలో, దిండు గలీబుల కుట్లలో, తోక దువ్వెన పళ్ళ మధ్య. ఆమె ఎంత జాగ్రత్తగా ఏరుకునేదో అప్పుడు తెలిసింది. దొరికినవన్నీ తెల్ల కాగితం మీద పరిచి కిటికీ వెలుగులో ఒక్కొక్కటే చూశాను. ప్రతి వెంట్రుకా నాదే.