అడుగు నుంచి ఒకటి

ఈ రోజు పొద్దున పదిమంది వింటూ ఉండగా నేను ఒక అబద్ధం చెప్పాను. పెద్దదేమీ కాదు, ఒక్క మాట. పెద్దాఫీసు అధికారి ఒకాయన, మా డేటా సెంటర్‌లో ఇన్నేళ్ళుగా వాడుతున్న పాత ర్యాక్ టెంప్లేట్‌ను తెర మీద చూపించి, దీన్ని తీసేసి కొత్తది పెట్టబోతున్నాం, అయినా ఇంత పద్ధతిగా దీన్ని గీసినవారెవరండీ అని మెచ్చుకోలుగా అడిగితే, రిటైరవడానికి నాలుగు నెలలున్న నేను గొంతు సవరించుకుని మరీ, నేనే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మా బామ్మర్దివి.

మన ఈడువాళ్ళకు ర్యాక్ అంటే పుస్తకాల అలమరే తోస్తుంది కనుక ఒక్క మాట చెప్పాలి. ఇది మనిషి కంటే ఎత్తైన ఇనుప చట్రం. అందులో నలభై రెండు గడులు, ఆ గడుల్లో యంత్రాలు. ఏ గడిలో ఏది కూర్చోవాలో ముందుగానే సాఫ్ట్‌వేర్‌లో ఒక బొమ్మ గీసి పెట్టుకుంటాం, దాన్నే టెంప్లేట్ అంటారు. ఇటుకలు కోసేవాడి అచ్చు లాంటిది: అచ్చు సరిగా ఉంటే బట్టీ అంతా సరే, వంకరైతే ప్రతి ఇటుకా వంకరే.

తిరుపతి ఊరి బయట, రేణిగుంట దారిలో మా కేంద్రం మొదలైన కొత్తలో ఆ అచ్చు గీసే పని నాకిచ్చారు. చేతిలో పట్టా ఉంది, జేబులో పెన్ను ఉంది, తలలో పొగరుంది. ఐరాలలో ఐ.టి.ఐ. చదివి, మామిడి కాలంలో లారీలకు కాయలెత్తే పనికి పోతున్న మా ఆవిడ తమ్ముణ్ణి నేనే పిలిపించి, అక్కడ ఫిట్టరుగా చేర్పించాను. ఆ ఉపకారం చేసినందుకు వాడు జీవితాంతం నా ముందు తల వంచుకుని ఉండాలని నాకు లోలోపల ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను చేసిన తప్పు చదువుకున్నవాడు మాత్రమే చేయగల తప్పు. పలక మీద దిద్దిన నాటి నుంచి నాకు ఒకటి అంటే పైనుండేదే. అందుకని తెర మీద పై గడికి ఒకటి అని, అట్టడుగు గడికి నలభై రెండు అని వేసి, బరువైన బ్యాటరీ పెట్టెలను అడుగునే, అంటే నలభై ఒకటి, నలభై రెండులో కూర్చోబెట్టాను. బొమ్మలో అంతా సవ్యంగానే ఉంది. కానీ ఆ ఇనుప చట్రాల మీద తయారుచేసినవాళ్ళు కొట్టిన అంకెలు అడుగు నుంచి మొదలై పైకి పోతాయి. ఫిట్టర్లకు అందేది బొమ్మ కాదు, అంకెల జాబితా. దాని ప్రకారం బిగిస్తే బరువంతా చట్రం నెత్తికెక్కుతుంది.

మా బామ్మర్ది ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏంది బావా, బరువంతా దీని నెత్తిన పెట్టమంటాండావే?"

"కాగితంలో ఎట్లుండాదో అట్ల చెయ్యప్పా."

"లారీకి కాయలెత్తేటప్పుడు అడుగు వరసే ఒకటో వరస. ఈ ఇనుముకీ అంతే. ఒకసారి లేసి వచ్చి సూడు, అంకెలు యాడ మొదలైనాయో."

నా కుర్చీకీ ఆ చట్రానికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. నేను లేవలేదు. పైగా తక్కిన ఫిట్టర్లందరూ వినేట్టుగా, కాయలు మోసినోడు నాకు నేర్పిస్తాడంట అని నవ్వాను. వాడు పోయి, మొదటి ర్యాకును తనకు తోచినట్టే బిగించాడు. నేను నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఇతను జాబితా ప్రకారం చేయడం లేదని ఫిర్యాదు చేశాను. మరునాటి నుంచి మా బామ్మర్దికి పని లేదు. మా ఆవిడ ఏడవలేదు, అరవలేదు. అన్నం వడ్డిస్తూ, "వాడు ఇనుమును సదువుతాడు, నువ్వు కాగితం సదువుతావు, అంతే తేడా" అని మాత్రం అన్నది.

వాడు బిగించినదాన్ని విప్పే తీరిక లేక అలాగే వదిలేశాం, మిగతా ర్యాకులన్నీ నా కాగితం ప్రకారమే లేచాయి. నెల తిరగకముందే, పరీక్ష కోసం ఒక బ్యాటరీ పెట్టెను పట్టాల మీద ముందుకు లాగగానే చట్రం మొత్తం ముందుకు ఒరిగింది. ముగ్గురు భుజాలు ఆనించి ఆపారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం నేను టేపూ నోటుపుస్తకమూ పట్టుకుని మా బామ్మర్ది బిగించిన ఆ ఒక్క ర్యాకు ముందు కూర్చున్నాను. బరువులన్నీ అడుగున. తరచూ చెయ్యి పెట్టవలసిన, తీగలు కలిపే స్విచ్చి పెట్టె నిలబడినవాడి రొమ్ము ఎత్తున, నిచ్చెన అక్కర్లేదు, వంగక్కర్లేదు. కరెంటు తీగలన్నీ ఎడమ పక్క, తక్కిన తీగలన్నీ కుడి పక్క, ఎక్కడా ఒకదాన్నొకటి దాటలేదు. గడి గడీ రాసుకుని, దాన్నే కొత్త టెంప్లేట్‌గా గీసి, 'చేసినవారు' అన్న చోట నా పేరు కొట్టాను. తప్పు నాదేనని మేనేజరుకు చెప్పలేదు, పద్ధతిని మెరుగుపరిచానని చెప్పాను. వాణ్ణి మళ్ళీ పిలిపించనూ లేదు. మరుసటేడు నాకు ప్రమోషన్ వచ్చింది.

ఆ రోజులు అలాంటివి, ఆ వయసు అలాంటిది అని మీలో ఎవరైనా నన్ను ఓదార్చబోతే నేను ఒప్పుకోను. రోజులు ఏ పాపమూ చేయలేదు, చేసింది నేను. మన తరంవాళ్ళం గడిచిన కాలానికి బంగారు పూత పూసి, మన తప్పులన్నీ దాని కింద దాచేసుకుంటున్నాం. నేను నా వంతు పూత గీకేస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు ఈ గోల అంటారా, అనండి.

ఈ మధ్యాహ్నం, పొద్దున చప్పట్లు కొట్టిన పదిమందికీ ఈమెయిల్లో ఉత్తరం పంపాను: ఆ టెంప్లేట్ నాది కాదు, నేను పనిలోంచి తీయించిన ఒక ఫిట్టరుది, ఆ పేరు సరిదిద్దకుండా దాన్ని తీసేసే కాగితం మీద నేను సంతకం పెట్టను. పెద్దాఫీసు నుంచి మర్యాదగానే జవాబొచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో టెంప్లేట్లన్నీ తయారుగానే వస్తాయట, అందులో 'చేసినవారు' అన్న గడే లేదట. నేను దొంగిలించడానికైనా ఒకప్పుడు అక్కడొక పేరు రాసే చోటుండేది.

బస్సెక్కి పూతలపట్టుకు వెళ్ళాను. మా బామ్మర్ది అక్కడ కూడలిలో మోటార్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాడు. పండక్కీ పబ్బానికీ కలుస్తూనే ఉన్నా, ఈ సంగతి మా మధ్య ఏనాడూ రాలేదు. నిలబడే చెప్పాను, పూర్తిగా చెప్పాను. వాడు రాగితీగ చుట్టడం ఆపకుండానే విన్నాడు.

"నాకు తెలుసు బావా. అప్పుడే మనోళ్ళు సెప్పినారు, నీ ర్యాకునే మీ బావ బొమ్మగా ఎక్కించినాడని."

"మరి నన్ను అడగలేదేమబ్బా?"

"నువ్వే వస్తావని సూసినా. ఇరవై అడుగులు లేసి రానోడివి, ఇంత దూరం వచ్చినావే!" అని నవ్వి, "తీసేసే బొమ్మకి ఇప్పుడు నా పేరెందుకులే. సచ్చినోడికి పెండ్లి సేసినట్టు ఉండాది" అన్నాడు.

టీ తాగించి పంపాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో తెలుపు పెయింటు పెన్ను ఒకటి కొన్నాను. ఇంటికి పోకుండా నేరుగా కేంద్రానికి వచ్చాను. ఆ మొదటి ర్యాకు ఇంకా అక్కడే ఉంది. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అట్టడుగున, ఒకటో గడి పక్కన ఇనుము మీద, దీన్ని బిగించినవాడు అని మా బామ్మర్ది పేరు, ఇంటిపేరుతో సహా రాశాను. సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేయడానికి వాళ్ళకు ఒక్క మీట చాలు. దీన్ని తీయాలంటే మాత్రం మనిషి రావాలి, నాలాగే మోకాళ్ళ మీద కూర్చోవాలి, పేరు చదవాలి, ఆ తర్వాతే గీకాలి.