మూడుసార్లు కిందపడ్డ పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళందరి చేతులకూ మైదా జిగురు వాసన వచ్చేది. ఎంత రుద్ది కడుక్కున్నా పోయేది కాదు. సికింద్రాబాదులో కార్ఖానా అనే పేటలో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, అట్టపెట్టెలు చేయించేది. మా అమ్మతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు అక్కడ పనిచేసేవారు. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "మేము ఇనుమును అతికిస్తం, మీరు అట్టను అతికిస్తరు. పని ఒక్కటే" అని నవ్వేవాడు.

పొద్దున్నే పెద్దమ్మ పెద్ద గిన్నెలో మైదా ఉడికించి, అందులో కాస్త పటిక, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. మైలుతుత్తం విషమని, ఆ డబ్బాను మాత్రం పిల్లలకు అందనంత ఎత్తున పెట్టేది. జిగురు చల్లారాక పని మొదలయ్యేది. అట్టను గీతల మీద మడిచి, అడుగు రెక్కలకు కుంచెతో జిగురు రాసి, ఒకదాని మీద ఒకటి అదిమి, పెట్టె లోపల ఇటుకలు పెట్టి ఆరనిచ్చేవారు. ఎవరు చేసిన పెట్టె ఏదో తెలియడానికి అడుగున ఒక మూల పెన్సిలుతో గుర్తు వేసేవారు. మా అమ్మది రెండు గీతలు. మరొకావిడది చేప. బడి నుంచి వచ్చాక కాసేపు నన్నూ కూర్చోనిమ్మని నేను వారం రోజులు వెంటపడితే పెద్దమ్మ ఒప్పుకుంది. అప్పుడు నేను ఆరో తరగతి. నా గుర్తు నక్షత్రం.

మా పెట్టెలన్నీ ఊరి చివర ఉన్న ఒక దగ్గు మందు కంపెనీకి వెళ్ళేవి. వాళ్ళు గాజు సీసాలను వాటిలో సర్ది రైల్లో దూర ప్రాంతాలకు పంపేవారు. షెడ్డుకు ఉన్న పని అదొక్కటే. అది పోతే ఆరు ఇళ్ళలోనూ ఇబ్బందే.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ముసురు పట్టి జిగురు తొందరగా ఆరేది కాదు. పెద్దవాళ్ళు ఓపిగ్గా ఇటుకలు ఉంచి ఎదురుచూసేవారు. నాకు అంత ఓపిక లేదు. పక్కన కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువ పెట్టెలు చేసి చూపించాలని నా తాపత్రయం. జిగురు మందంగా పూస్తే గట్టిగా అంటుకుంటుంది కదా, ఇక ఇటుకలతో పనేముంది అనుకున్నాను. రెక్కల నిండా ముద్దలు ముద్దలుగా పూసి, ఒక్కసారి అరచేత్తో అదిమి పక్కన పెట్టేశాను. అలా నాలుగు రోజులు చేశాను. పైకి అన్నీ చక్కగానే కనిపించాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

పది పదిహేను రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి షెడ్డు ముందు కంపెనీ వ్యాను ఆగి ఉంది. మేనేజరు గారు స్వయంగా వచ్చారు. నేల మీద అడుగులు ఊడిపోయిన పెట్టెలు వరుసగా పెట్టి ఉన్నాయి. పగిలిన సీసాల మందు అట్టలోకి ఇంకి, తియ్యటి వాసనకు అప్పుడే చీమలు పట్టాయి. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. బోర్లించిన పెట్టెలలో నాకు కనిపించినవన్నీ నక్షత్రం గుర్తువే.

"ఇవి ఎవరు అతికించారమ్మా?" అని అడిగారు మేనేజరు గారు. పెద్దమ్మ ఆ పెట్టెల వైపు ఒకసారి చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"మా షెడ్డుల చేసినయి సార్. తప్పు మాదే" అంది.

వేరేచోట మిషను మీద పిన్నులు కొట్టిన పెట్టెలు దొరుకుతున్నాయని, ఇక వాటినే తీసుకోవాలని పైవాళ్ళు అంటున్నారని ఆయన చెప్పారు. కోపంగా కాదు, బాధగానే చెప్పారు. పెద్దమ్మ చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. "ఐదు దినాలు టైమియ్యుండ్రి సార్. కొత్తయి తెస్త. మీ సీసాలే నింపి, మీ ముందటనే కింద పడేసి చూడుండ్రి. ఒక్కటి పలిగినా మళ్ళ మీ గేటు తొక్క" అంది. ఆయన సరేనన్నారు.

ఆ పూట ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. చెప్పేయాలని రెండుసార్లు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, నోరు రాక తిరిగి వచ్చాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే పెద్దమ్మ నన్ను షెడ్డులోకి పిలిచింది. నాలుగు అట్టముక్కలు ముందు పెట్టి, "ఈ రెండు నీకిష్టమొచ్చినట్టు అంటియ్యి" అంది. నేను ఆ నాలుగు రోజులు చేసినట్టే దండిగా జిగురు పూసి అంటించాను. మిగతా రెండింటిని తను చెప్పినట్టు చేయమంది. ముందు పొడిగుడ్డతో దుమ్ము తుడిపించింది. కుంచెను గిన్నె అంచుకు రాసి, ఎక్కువైన జిగురు తీసేయించింది. "అట్ట రంగు కనవడాలె. అంత పలచగ రాయి" అంది. బొటనవేలితో మధ్యలోంచి అంచులకు అదమమని చెప్పి, పైన ఇటుక పెట్టింది. "పొద్దు గూకేదాక ముట్టకు" అని పంపించేసింది.

సాయంత్రం మళ్ళీ పిలిచింది. "గుంజు" అంది. నేను పూసిన మొదటి జత ఇట్టే జారి ఊడి వచ్చింది. అంచుల్లో జిగురు గట్టిగా పెచ్చు కట్టింది కానీ, లోపల ఇంకా పెరుగులా తడిగానే ఉంది. రెండో జతను పట్టుకుని లాగాను. రాలేదు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెండు చేతులా బలంగా లాగితే అట్ట మీది కాగితం పొరలు పొరలుగా చినిగింది. అతుకు మాత్రం అలాగే ఉంది.

"చూసినవా? కాగితం చినిగింది గని అతుకు ఊడలే. గట్ల ఉండాలె" అంది పెద్దమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. "పెద్దమ్మా, ఊడిపోయిన పెట్టెలు నేనే అంటించిన. ఇటుకలు సుత పెట్టలే" అన్నాను.

"నాకెర్కే బిడ్డా. నీ చుక్క గుర్తు నేను చూడలేదా? నువ్వే నోరు తెరిచి చెప్తవా లేదా అని చూస్తున్న" అంటూ తన కొంగుతో నా మొహం తుడిచింది. "తప్పు నాది సుత ఉంది. అంటించమన్న గని, ఎందుకు గట్ల అంటించాల్నో చెప్పలే. ఇగ పరేషాన్ గాకు. కుంచె పట్టు."

తర్వాతి మూడు రోజులూ షెడ్డులో అందరూ పొద్దున్నుంచీ కూర్చుని పనిచేశారు. ఇటుకలు చాలకపోతే మా నాన్న సైకిలు మీద మోసుకొచ్చాడు. ముసురుకు జిగురు ఆరదని షెడ్డు మూల బొగ్గుల కుంపటి పెట్టారు. నేను బడి నుంచి రాగానే పెద్దమ్మ పక్కన కూర్చునేదాన్ని. మూడు రోజుల్లో నేను చేసింది పన్నెండు పెట్టెలే. ఇంతకుముందు ఒక్క సాయంత్రంలోనే అంతకు రెట్టింపు చేసేదాన్ని.

గడువు రోజున పెద్దమ్మ బడి మాన్పించి నన్ను కూడా కంపెనీకి తీసుకెళ్ళింది. ఎందుకో చెప్పలేదు. ట్రాలీ రిక్షాలో పెట్టెల కట్టల మధ్య కూర్చుని వెళ్ళాను. కంపెనీ ఆవరణలో సిమెంటు గచ్చు మీద మేనేజరు గారు, పనివాళ్ళు నిలబడి ఉన్నారు. "ఏ పెట్టె పరీక్షించమంటారు?" అని ఆయన అడిగారు. పెద్దమ్మ కట్టలన్నీ తిప్పి చూసి, ఒక పెట్టె తీసి ఇచ్చింది. దాని అడుగున మూల నక్షత్రం ఉంది.

ఆరుగురు చేయితిరిగిన ఆడవాళ్ళు చేసిన పెట్టెలు అన్ని ఉండగా, వాళ్ళందరి బతుకూ నా పెట్టె మీద పెట్టింది. వద్దని ఆమె కొంగు పట్టుకుని లాగాను. ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది, అంతే.

ఇరవై నాలుగు సీసాలు నింపారు. ఒక పనివాడు పెట్టెను భుజం ఎత్తుకు లేపి వదిలాడు. ధబ్‌మని పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. గాజు పగిలిన చప్పుడు రాలేదు. రెండోసారి వదిలాడు. మళ్ళీ ఆ చప్పుడే. మూడోసారి మేనేజరు గారు తానే ఎత్తి, కావాలని ఒక మూల నేలకు తగిలేలా పడేశారు. మూల నలిగింది. అడుగు మాత్రం విచ్చుకోలేదు. పెట్టె తెరిచి సీసాలు ఒక్కొక్కటే తీసి చూశారు. అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదేమో, ఖాళీ పెట్టెను తిరగేసి అడుగు రెక్క పట్టుకుని బలమంతా పెట్టి లాగారు. కాగితం చినిగి చేతిలోకి వచ్చింది. అతుకు కదల్లేదు.

"ఇది ఎవరు అతికించారమ్మా?" అన్నారాయన. వారం తిరక్కముందే మళ్ళీ అదే మాట. ఈసారి పెద్దమ్మ నా వీపు మీద చేయి వేసి నన్ను ముందుకు తోసింది.

"ఇగో సార్, గీ పిల్లనే."

ఆయన నన్నూ, పెట్టెనూ మార్చి మార్చి చూసి పెద్దగా నవ్వారు. చుట్టూ ఉన్న పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ ట్రాలీలో పెద్దమ్మ పక్కన రాణిలా కూర్చున్నాను. షెడ్డు కనిపించగానే పెద్దమ్మ దూరం నుంచే చేయి ఊపుతూ, "గెలిచినం! మన పిల్ల గెలిపిచ్చింది!" అని అరిచింది. అందరూ జిగురు చేతులతోనే పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకున్నారు. నా గౌను నిండా మైదా మరకలే.

పెద్దయ్యాక నేను కూడా ఆ పనిలోకే వెళ్ళాను. ఒక పెద్ద ప్యాకింగ్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి, ఈ మధ్యే రిటైరై అల్వాల్‌లో ఉంటున్నాను. ఇప్పుడు మైదా ఉడికించే పని లేదు. గింజల్లా వచ్చే జిగురును మిషను కరిగించి, వేడివేడిగా సన్నని గీతలా వేస్తుంది. రెప్పపాటులో పెట్టె మూసుకుంటుంది. టేపు వేయడానికి కూడా మిషనే. అయినా దుమ్ము ఉంటే అంటదు, జిగురు ఎక్కువైతే నిలవదు. కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేను మొదటి రోజు ఈ మాటలే చెప్పేదాన్ని.

కానీ ఆ రోజు పెద్దమ్మ నాకు ఇచ్చింది జిగురు గురించిన జ్ఞానం ఒక్కటే కాదు. నా విభాగంలో ఎవరి చేతుల మీదుగా ఒక సరుకు పాడై తిరిగి వచ్చినా, పైవాళ్ళ ముందు అది మా విభాగం తప్పని నేనే చెప్పేదాన్ని. ఆ తర్వాత వాళ్ళ పక్కన కూర్చుని పని నేర్పించి, మళ్ళీ పరీక్ష జరిగే రోజున అందరి ముందూ వాళ్ళు చేసిన పెట్టెనే తీసి ఇచ్చేదాన్ని. కొందరు భయంతో నా చేయి పట్టుకునేవారు. నేను వదలకుండా పట్టుకుని నిలబడేదాన్ని. అన్ని ఏళ్ళలో ఒక్కరు కూడా నన్ను తలదించుకోనివ్వలేదు.