రత్నమ్మగారి కడిగిన చేతులు

పొయ్యి మీద మాంసపు రసం మరిగే వాసనకు అందరికీ ఆకలేస్తుంది. నాకు మాత్రం రత్నమ్మగారు గుర్తొస్తారు. పంతొమ్మిది వందల ఇరవైల్లో, అరకు కొండల్లోని మా చిన్న ఆసుపత్రికి ఆవిడ డాక్టరు, నేను నర్సుని. ఆవిడ పల్లం నుంచి వచ్చిన మనిషి. నోరు పెద్దది, ఓపిక తక్కువ. ఆ రసంలో అగర్ అనే సముద్రపు నాచు పొడి వేసి కాచి, గాజు పళ్ళేలలో పోసి గడ్డ కట్టించేవారు. కంటికి కనపడని క్రిములు దానిమీద చుక్కలుగా పెరుగుతాయంటే నేను మొదట నమ్మలేదు.

ఆ చలికాలం మా దగ్గర పురుడు పోసుకున్న తల్లులిద్దరు జ్వరంతో పోయారు. రత్నమ్మగారికి అన్నం సయించలేదు. పురుడు గదిలోని మంచం, బల్ల, గుమ్మం దగ్గర మా చేతులు, అన్నీ తడిదూదితో తుడిచి, ఆ దూదిని పళ్ళేల మీద రాసి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంచారు. ఏమీ పెరగలేదు. నేను సంతోషించాను. ఆవిడకి కోపం వచ్చింది.

"ఒక్క చుక్కైనా లేదంటే ఈ దూదిని నమ్మలేం గుంటా. ఈసారి వేళ్ళే ఆనిద్దాం," అన్నారు.

అదే గుమ్మంలో పళ్ళేల మీద వేళ్ళు ఆనించాం. నా వేళ్ళ గుర్తుల్లో ఒకటి రెండు చుక్కలు. ఆవిడ వేళ్ళ గుర్తుల నిండా తెల్లటి గుంపులు. ఇద్దరివీ ఒకే సబ్బుతో కడిగిన చేతులే.

"ఆళ్ళని నేనే సంపేసినానా?" అన్నారు. ఎప్పుడూ గట్టిగా పలికే ఆ గొంతు అంత చిన్నగా వినబడేసరికి నాకు ఏడుపొచ్చింది.

మళ్ళీ చేశారు. చేతులు కడగగానే ఒక పళ్ళెం, గుమ్మంలో ఇంకొకటి. మొదటిది శుభ్రంగా ఉంది, రెండోదాని నిండా చుక్కలే. మధ్యలో ఉన్నది వరండా ఒక్కటే. అక్కడ కూర్చున్న కొండ పెద్దలు డాక్టరమ్మ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకునేవారు. అదే వాళ్ళ దణ్ణం. నర్సుని కదా, నన్నెవరూ పట్టించుకునేవారు కాదు. ఆ దణ్ణం వద్దంటే వాళ్ళ ఊళ్ళ నుంచి ఇంకే తల్లీ ఆసుపత్రి గడప తొక్కదు.

అంతలో హుకుంపేట వైపు నుంచి నొప్పులు పడుతున్న పిల్లను డోలీలో తెచ్చారు. వెంట వచ్చిన అవ్వ చేతులు చాచింది. రత్నమ్మగారు వెనక్కి జరిగారు. అవ్వ ముఖం మాడిపోయింది.

"ఏటమ్మా, మమ్మల్ని ముట్టుకోవా?"

"ఈ సేతులు నీ మనవరాలి కోసం కడిగినాను అవ్వా. నువ్వు నా తల ముట్టుకో," అంటూ రత్నమ్మగారు చేతులు పైకెత్తి, ఆ దుమ్ములోనే మోకాళ్ళ మీద వంగారు. దొరల ముందైనా తల వంచని మనిషి! అవ్వ ఆ తలను రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"బేగి లోపలికెల్లమ్మా," అంది.

ఆ పిల్లకి జ్వరం రాలేదు. ఆ తరవాత వచ్చిన పిల్లకీ రాలేదు.

రత్నమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ తరవాత పురుళ్ళు పోసిన నాకే ఆ దణ్ణం వచ్చింది, నేనూ తలే వంచాను. వంగడానికి సిగ్గుపడే కొత్త నర్సులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎంతమంది అవ్వల చేతులు నా జుట్టును చెదరగొట్టాయో! పురుడు గదిలోకి మాత్రం నేను కడిగిన చేతులతోనే వెళ్ళాను.